తిరుమలగిరి చౌరస్తా: సైన్యం, నేల, బతుకుతెరువు

సాయంత్రం ఆరు దాటాక తిరుమలగిరి చౌరస్తాలో ఒక పావుగంట నిలబడితే చాలు. కరీంనగర్ నుంచి వచ్చే బస్సు, ముదురాకుపచ్చ సైనిక ట్రక్కు, అల్వాల్ వైపు ఇంటికి పోతున్న స్కూటర్లు, కూరగాయల ఆటోలు అన్నీ ఒకే సిగ్నల్ దగ్గర ఆగి ఉంటాయి. దేశాల అభివృద్ధి గురించి రాసేవాళ్లు ఆర్థికం, మౌలిక వసతులు, రక్షణ అని మూడు అధ్యాయాలు పెడతారు. ఇక్కడ ఆ మూడూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఒకే రోడ్డు మీద నడుస్తాయి. సికింద్రాబాద్ కంటోన్మెంటును జీహెచ్‌ఎంసీలో కలపాలా, సైన్యం మూసిన రోడ్లు తెరవాలా, ఫ్లైఓవరు కోసం ఎవరి నేల పోతుంది అన్న వివాదాలను విడివిడిగా చదివి చదివి అలవాటు పడ్డాం. నాకు మాత్రం అవన్నీ ఒకే ప్రశ్నగా కనిపిస్తాయి. సైన్యం ఖర్చు ఎవరు మోస్తున్నారు, మోసేవాళ్లను ఎవరైనా అడిగారా?

ఈ ప్రశ్న రెండు వందల ఏళ్ల నాటిది.

1798లో రెండో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్ ఉత్తరాన దిగాయి. వాటి పోషణకు నిజాం ఏటా 24 లక్షల రూపాయలకు పైగా ఇవ్వాలి. డబ్బు రూపంలో ఇవ్వడం కష్టమైంది. 1800 అక్టోబరులో మరో ఒప్పందం రాసుకుని, మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన బళ్లారి, కడప సీమలను శాశ్వతంగా కంపెనీకి వదులుకున్నాడు. మనం దత్తమండలాలు అని చదువుకున్నవి ఇవే. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు పెట్టిన రాయలసీమ అన్న పేరు నిలిచిపోయింది గానీ, ఆ సీమ చేతులు మారింది సికింద్రాబాద్ పటాలం జీతాల కోసమేనన్న సంగతి ఎక్కువమందికి తట్టదు. కడప రైతును అడిగి చేసిన దానం కాదది.

1806లో ఆ దండు విడిదికి మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. పక్కనే బొల్లారంలో ఇంకో సైన్యం తయారైంది. పేరుకు అది నిజాందే. బ్రిటిష్ అధికారుల కింద నడిచే ఆ హైదరాబాద్ కంటింజెంటు జీతాలు కూడా నిజాం ఖజానా నుంచే పోవాలి. ఖజానాలో డబ్బు లేక విలియం పామర్ కంపెనీ దగ్గర నూటికి 25 దాకా వడ్డీకి అప్పు తెచ్చారు. పామర్ కొఠీ 1824లో దివాలా తీసింది, అప్పు మాత్రం మిగిలింది. ఆ బాకీ కింద 1853లో పత్తి పండే బేరార్‌ను, దానితో పాటు ఉస్మానాబాద్, రాయచూరు దోఆబ్‌లను కంపెనీ తన చేతికి తీసుకుంది. చివరి రెండూ 1860లో వెనక్కి వచ్చాయి, బేరార్ రాలేదు. తన స్తోమతకు మించిన రక్షణను అప్పు చేసి కొనుక్కున్న రాజ్యానికి ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరదేశాల చరిత్ర తిరగేయనక్కర్లేదు. బొల్లారం రైలు గేటు దగ్గరే ఆ పాఠం ఉంది.

1857 తిరుగుబాటు చూసి భయపడ్డ బ్రిటిష్ వాళ్లు తెల్ల పటాలాల కోసం తిరుమలగిరిలో కందకం తవ్వి, బురుజులు కట్టి, లోపల బ్యారక్కులు, ఆసుపత్రి, ఆయుధాగారం పెట్టుకున్నారు. వాళ్ల రాతల్లో ఇది ట్రిమల్‌గెర్రీ అయింది. అక్కడి పాత సైనిక జైలుకు దాని బురుజుల ఆకారాన్ని బట్టి విండ్సర్ క్యాజిల్ అన్న పేరు కూడా పడింది. కందకం లోపల ఉన్నది దండు. దాన్ని బతికించింది కందకం బయట మొలిచిన బజారు. ఆ బజార్ల పేర్లు ఇప్పటికీ చెరిగిపోలేదు: లాల్ బజార్, రెజిమెంటల్ బజార్, అశ్వదళం వెంట వచ్చిన రిసాలా బజార్, కార్ఖానా, పికెట్. రైలు స్టేషన్లలో ఒకదాని పేరు నేటికీ కావల్రీ బ్యారక్స్. మద్రాసు సైన్యం వెంట వచ్చిన తమిళ గుత్తేదారులు, వంటవాళ్లు, దోబీలు, గుర్రపు నాడాలు కొట్టే కమ్మరులు, కల్లు అమ్మేవాళ్లు ఇక్కడే కుదురుకున్నారు. ఉజ్జయిని మహంకాళి గుడి కథ కూడా దండు కథే. పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి బదిలీ మీద పోయాడనీ, అక్కడ కలరా ప్రబలితే అమ్మకు మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చాక 1815లో ఇక్కడ అమ్మవారిని నిలిపాడనీ చెప్పుకుంటారు. లష్కర్ బోనాలు అనడంలోనే లష్కర్, అంటే సైన్యం, ఉంది. సైన్యం వేరు, జనం వేరు అన్న మాట ఈ ఊరికి పుట్టుకతో లేదు. తరువాత కాలంలో రాసిన చట్టాలు తెచ్చిపెట్టిన విడదీత అది.

ఇక నేల సంగతికి వద్దాం. వివాదాలన్నిటికీ వేరు అక్కడుంది.

దేశంలో రక్షణ శాఖ చేతిలో దాదాపు 18 లక్షల ఎకరాలున్నాయి. అందులో కంటోన్మెంట్ల లోపల ఉన్నది దాదాపు 1.61 లక్షల ఎకరాలే. సికింద్రాబాద్ కంటోన్మెంటు దాదాపు 40 చదరపు కిలోమీటర్లు, 2011 జనాభా లెక్కల్లో 2 లక్షల 17 వేల మందికి పైగా. 1937 నాటి కంటోన్మెంట్ భూపాలన నియమాలు ఈ నేలను ఏ, బీ, సీ తరగతులుగా విడగొట్టాయి. ఏ తరగతి సైన్యం వాడుకునేది. సీ తరగతి కంటోన్మెంటును నడిపే బోర్డుకు చెందేది. మధ్యలో బీ ఉంది, దానికి మళ్లీ నాలుగు ఉపతరగతులు. బీ3 అంటే పాత బంగళాల నేల. దాని మీద ఇల్లు ఇంటాయనది, నేల సర్కారుది. ఓల్డ్ గ్రాంట్ అనే ఈ పద్ధతి కంపెనీ కాలం నుంచి వస్తోంది. సర్కారు కావాలనుకుంటే నెల రోజుల నోటీసుతో నేల వెనక్కి తీసుకోవచ్చు, కట్టడానికి మాత్రం విలువ కట్టి ఇస్తుంది. నాలుగు తరాలుగా ఒకే ఇంట్లో ఉంటున్న కుటుంబం కూడా ఈ లెక్కలో అనుభవదారే అవుతుంది గానీ యజమాని కాదు.

ఈ ఒక్క సంగతి ఎన్ని చోట్లకు పాకుతుందో చూడండి. యజమాని కానివాడికి బ్యాంకు అప్పు సులువుగా దొరకదు. కూలిపోతున్న గోడను మళ్లీ కట్టాలంటే అనుమతి కావాలి. అల్వాల్‌లో, మల్కాజిగిరిలో అపార్టుమెంట్లు లేస్తుంటే ఇటువైపు ఎత్తు మీద, విస్తీర్ణం మీద కఠిన పరిమితులు. సైనిక స్థావరాల చుట్టూ కట్టడాల మీద 2011లో, 2016లో వచ్చిన ఉత్తర్వులు ఇంకో చిక్కు. ఫలితంగా రసూల్‌పురా, అన్నానగర్, మడ్‌ఫోర్ట్ లాంటి బస్తీల్లో జనం ఒకరి మీద ఒకరుగా సర్దుకుంటారు. పదడుగుల అవతల గోడ లోపల చింతచెట్లు, ఖాళీ మైదానాలు. ఆ ఖాళీ మీద నాకు కక్ష లేదు. హైదరాబాద్ ఉత్తరాన ఇంకా చెట్ల గాలి ఉందంటే సైన్యం నేల అమ్ముకోకపోవడం వల్లే. 2017 ప్రాంతంలో బైసన్ పోలో మైదానంలో సచివాలయం కడతామని రాష్ట్ర ప్రభుత్వం అన్నప్పుడు వ్యతిరేకించినవాళ్లలో ఈ చుట్టుపక్కల పౌరులే ముందున్నారు. అయితే చెట్ల గాలికి ఖరీదు బస్తీ ఇంటి గది వెడల్పు కాకూడదు.

బోర్డు ఆదాయం కథ కూడా నేల దగ్గరే మొదలవుతుంది. రాజ్యాంగం 285వ అధికరణం కేంద్రం ఆస్తుల మీద స్థానిక పన్ను వేయనివ్వదు. దానికి బదులు సర్వీసు చార్జీలు ఇవ్వాలి. అవి ఏళ్ల తరబడి బకాయి పడడం ఈ బోర్డుకు మామూలే. పెద్ద భూస్వామి పన్ను కట్టడు, కట్టేది చిన్న ఇంటివాళ్లు. ఆ డబ్బుతోనే వీధిదీపాలు, నాలాలు, బోర్డు ఆసుపత్రి, బడి నడవాలి. నీళ్లు జలమండలి దగ్గర టోకున కొని పంచాలి. 2021 జనవరిలో నగరంలో ఇంటింటికీ నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్లు మొదలైనప్పుడు రోడ్డు ఇవతలి కంటోన్మెంటువాళ్లు బయట ఉండిపోయారు. ఆ పథకం ఇక్కడిదాకా రావడానికి వేరే పోరాటం కావలసివచ్చింది.

మరి ఇవన్నీ ఎక్కడ మాట్లాడాలి? 2006 కంటోన్మెంట్ల చట్టం ప్రకారం 50 వేలు దాటిన జనాభా ఉన్నచోట బోర్డులో 8 మంది ఎన్నికైన సభ్యులు, 8 మంది పదవి రీత్యా లేదా నామినేషన్ మీద వచ్చేవాళ్లు ఉండాలి. అధ్యక్షుడు స్టేషన్ కమాండర్. ఉపాధ్యక్ష పదవి ఎన్నికైనవాళ్లలో ఒకరికి. సగం సగం ప్రజాస్వామ్యమే అయినా, అది కూడా ఇప్పుడు లేదు. చివరిసారి వార్డు ఎన్నికలు జరిగింది 2015 జనవరిలో. గడువు పొడిగింపులూ అయిపోయాక 2021 నుంచి ముగ్గురి బోర్డు: సైన్యాధికారి, ముఖ్య కార్యనిర్వహణాధికారి, నామినేట్ అయిన పౌరుడు ఒకరు. 2023 ఫిబ్రవరిలో దేశంలోని 57 కంటోన్మెంట్లకు ఏప్రిల్ 30న ఎన్నికలని గెజిట్ వచ్చింది. వార్డుల్లో జెండాలు బయటికి తీశారు. నెల తిరగకుండానే మార్చిలో ఆ గెజిట్‌ను రద్దు చేశారు. ఇక్కడి ఓటరు ఎమ్మెల్యేను ఎన్నుకుంటాడు, మల్కాజిగిరి ఎంపీని ఎన్నుకుంటాడు, తన వీధి నాలా గురించి అడగదగ్గ మనిషిని మాత్రం ఎన్నుకోలేడు. ఈ చౌరస్తా మీదుగా కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద నడిచే గొడవలన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

రోడ్ల వివాదాన్ని రెండు వైపుల నుంచీ చూడాలి. సైన్యం చెప్పేదాంట్లో నిజం ఉంది. 2016లోనే పఠాన్‌కోట్, ఉరీ దాడులు జరిగాయి. ఆయుధ భాండారాలు, శిక్షణ పొందుతున్న కుర్రాళ్లు, అధికారుల కుటుంబాలు ఉన్న ప్రాంతం మధ్య నుంచి రాత్రింబవళ్లు లెక్కలేనన్ని బండ్లు పోతుంటే కాపలా కాసేవాడికి నిద్ర పట్టదు. మరోవైపు, మల్కాజిగిరి, సఫిల్‌గూడ జనానికి, సైన్యం ఆయుధ సామగ్రి చూసే ఏఓసీ సెంటర్ గుండా పోయే దారి సికింద్రాబాద్ చేరడానికి దగ్గర దారి. 2014 నుంచి ఆ రోడ్ల మీద ఆంక్షల మాట వినిపించినప్పుడల్లా వాళ్ల గుండె జారుతుంది. అంబులెన్సు చుట్టు తిరిగి పోవాలి, బడి పిల్లలు అరగంట ముందు బయల్దేరాలి. చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. కంటోన్మెంట్ల చట్టం 258వ సెక్షన్ ప్రకారం కంటోన్మెంటులో బహిరంగ వీధిని శాశ్వతంగా మూయాలంటే భద్రతా కారణం ఉండాలి, ముందుగా నోటీసు ఇచ్చి ప్రజల అభ్యంతరాలు, సూచనలు అడగాలి, పై అధికారుల అనుమతి ఉండాలి. 2018 మేలో అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ దేశవ్యాప్తంగా మూసిన రోడ్లు తెరిపించినప్పుడు ఈ పద్ధతి పాటించలేదన్నదే ప్రధాన కారణం. చట్టం చెప్పే ఆ ‘అడగడం’ ఎన్నికైన సభ్యులు లేని బోర్డులో ఎంత నిజంగా జరుగుతుంది? రోడ్డు పోరాటం, ఎన్నికల పోరాటం వేరు వేరు అనుకోవడం వల్ల రెండూ బలహీనపడ్డాయి.

రోడ్ల విషయంలో నిజమైన కదలిక 2024 మార్చి 1న వచ్చింది. రెండు ఎలివేటెడ్ కారిడార్లకు రక్షణ భూములు ఇవ్వడానికి కేంద్రం ఒప్పుకుంది. వారం తిరక్కుండా ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపనలు మొదలుపెట్టారు. ఒకటి పారడైజ్ నుంచి జాతీయ రహదారి 44 మీదుగా డెయిరీ ఫాం రోడ్డు దాకా 5.32 కిలోమీటర్లు, అందులో బేగంపేట విమానాశ్రయం దగ్గర సొరంగం. రెండోది పారడైజ్ నుంచి కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్, బొల్లారం, హకీంపేట మీదుగా శామీర్‌పేట ఔటర్ రింగురోడ్డు దాకా 18 కిలోమీటర్ల పైచిలుకు, అందులో స్తంభాల మీద నడిచేది 11 కిలోమీటర్లు. 2025 మొదటి రోజున జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్) నుంచి శామీర్‌పేటకు, పారడైజ్ నుంచి మేడ్చల్‌కు మెట్రో ప్రతిపాదన కూడా రాష్ట్రం ప్రకటించింది. అంతకు ముందు 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ రైళ్లు నడవడం మొదలైంది, బొల్లారం, కావల్రీ బ్యారక్స్ మీదుగా. ఇవన్నీ పూర్తయితే తిరుమలగిరి సిగ్నల్ దగ్గర రోజూ జరిగే కాలహరణం తగ్గుతుంది. ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి నగరానికి రావడం సులువవుతుంది. ఈ పని జరగాల్సిందే. జరిగే పద్ధతి మీదే నా పట్టుదల. రాజీవ్ రహదారి పక్కన దుకాణాలు, ఇళ్లు ఉన్నవాళ్లు 200 అడుగుల వెడల్పును 100 అడుగులకు తగ్గించమని అడుగుతూ వచ్చారు. వాళ్లు అడ్డుకోవడానికి వచ్చినవాళ్లు కారు, తమ గోడలో ఎంత పోతుందో తెలుసుకోవాలనుకునేవాళ్లు.

డెయిరీ ఫాం రోడ్డు అన్న పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 1889లో అలహాబాద్‌లో మొదలైన సైనిక పాడి పరిశ్రమలను 2021 మార్చిలో సైన్యం పూర్తిగా మూసేసింది. పాలు బయట కొనడం చౌక అని లెక్క తేలింది. రోడ్డుకు పేరు మిగిలింది, ఆవులు పోయాయి. కంటోన్మెంటు ఆర్థికం నడిచిన తీరు ఇదే. ఒకప్పుడు సైన్యం పాలు, రొట్టె, తోలు, దుస్తులు, గడ్డి అన్నీ ఇక్కడే చేయించుకునేది, చుట్టూ వందల వృత్తులు బతికేవి. ఇప్పుడు సరుకు దూరం నుంచి టెండర్ల మీద వస్తుంది. లాల్ బజార్‌లో యూనిఫాం కుట్టే దర్జీలు, నల్ల ట్రంకు పెట్టెలు అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. బజారును నిలబెడుతున్నది మాత్రం పింఛను. రిటైరైన సైనికులు సైనిక్‌పురిలో, వాయుపురిలో, డిఫెన్స్ కాలనీలో ఇళ్లు కట్టుకున్నారు. మిలిటరీ ఆసుపత్రికి, క్యాంటీన్‌కు దగ్గరగా ఉండాలన్న కోరిక ఒక్కటే ఈ ప్రాంతంలో అద్దెలను, కిరాణా కొట్లను పోషిస్తోంది.

మరి రక్షణ రంగం తెచ్చిన కొత్త సంపద ఎటు పోయింది? నగరం దక్షిణానికి. 1962లో క్షిపణి పరిశోధనశాల డీఆర్‌డీఎల్ హైదరాబాద్ వచ్చింది, 1970లో క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్, 1973లో ప్రత్యేక లోహాల సంస్థ మిధాని పుట్టాయి. 1982లో అబ్దుల్ కలాం వచ్చి మరుసటి ఏడాది క్షిపణుల కార్యక్రమం మొదలుపెట్టింది కంచన్‌బాగ్‌లో. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల దేహాలు తయారవుతున్నాయి. ఉత్తరాన తిరుమలగిరిలో ఉన్నవి శిక్షణ, మరమ్మతు, సరఫరా: ఈఎంఈ సెంటర్, మిలిటరీ ఇంజినీరింగ్ కళాశాల, ఆయుధ సామగ్రి చూసే ఏఓసీ, సైనిక్‌పురిలో రక్షణ నిర్వహణ కళాశాల. ట్యాంకు ఇంజిను విప్పి బిగించడం తెలిసిన మెకానిక్కులను ఏటా తయారుచేసే చోటు ఇది. 2022 నుంచి అగ్నివీరులుగా వచ్చేవాళ్లలో నలుగురిలో ముగ్గురు నాలుగేళ్లకు బయటికి వస్తారు. ఆ కుర్రాళ్ల చేతిపనికి కంటోన్మెంటు గోడ బయట, జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామికవాడల్లో చోటు దొరికేలా ఒక దారి వేస్తే, దండూ బజారూ మళ్లీ ఒకదానికొకటి ఆసరా అవుతాయి. బోయిన్‌పల్లి మార్కెట్‌లో కుళ్లిన కూరగాయలతో కరెంటు తీస్తున్న ప్లాంటు పెట్టగలిగిన ప్రాంతానికి ఇది అసాధ్యం కాదు.

పక్క ఊళ్ల అనుభవం కూడా చూద్దాం. బెంగళూరు 1949లోనే కంటోన్మెంటు పౌర ప్రాంతాన్ని కార్పొరేషన్‌లో కలుపుకుంది. మనదగ్గర 1945లో సికింద్రాబాద్ పట్టణ భాగం నిజాం పాలనలోకి తిరిగి వచ్చింది, 1960లో హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది. వేరుచేయడం మనకు కొత్త కాదన్నమాట. ఇంకా దూరం పోతే ఫిలిప్పీన్స్. 1992లో అక్కడ సైనిక స్థావరాల మార్పిడి కోసం చట్టం చేసి ప్రత్యేక సంస్థను పెట్టారు. మనీలా మహానగరంలోని ఫోర్ట్ బొనిఫాషియోలో పెద్ద భాగాన్ని 1995లో అమ్మి, వచ్చిన డబ్బులో వాటా సైన్యం ఆధునికీకరణకు కేటాయించారు. అదిప్పుడు అద్దాల మేడల నగరం. అమెరికన్లు వదిలివెళ్లిన సూబిక్, క్లార్క్ పరిశ్రమల నెలవులయ్యాయి. ఆ పద్ధతిలో మెచ్చుకోవలసింది ఒకటుంది: నేల అమ్మిన డబ్బులో సైన్యానికి ఎంత అన్నది చట్టంలోనే రాసుకున్నారు. వద్దనుకోవలసింది కూడా ఉంది. అద్దాల మేడల్లో సామాన్యుడికి ఇల్లు దొరకలేదు. తిరుమలగిరి మైదానాలకు ఆ గతి పట్టాలని నేను కోరుకోను.

ఇక విలీనం. 2023 ఏప్రిల్‌లో హిమాచల్‌లోని యోల్ కంటోన్మెంటును ఎత్తేశాక మిగతావాటి వంతు వస్తుందన్నారు. సికింద్రాబాద్ మీద అంతకు ముందే కమిటీ వేశారు. 2024లో రక్షణ శాఖ రాష్ట్రాలకు పంపిన విధివిధానాల్లో రెండు మాటలు గమనించాలి. పౌర వసతుల ఆస్తులు ఉచితంగా రాష్ట్రానికి బదిలీ అవుతాయి. వర్తించేచోట నేల మీద యాజమాన్య హక్కు కేంద్రానిదిగానే ఉంటుంది. అంటే ఓల్డ్ గ్రాంట్ ఇంటివాడు జీహెచ్‌ఎంసీకి పన్ను కడతాడు, నేలకు మాత్రం ఢిల్లీ వైపే చూస్తాడు. విలీనం కావాలని ఊరేగింపులు తీసినవాళ్లలో చాలామంది కోరుకున్నది ఇంటి కాగితం. అది ఈ విధివిధానాల్లో లేదు. వద్దన్నవాళ్ల భయం కూడా తీసిపారేయదగ్గది కాదు. బోర్డు ఎంత లోపభూయిష్టమైనా ఎనిమిది వార్డుల సంస్థ, నడిచి వెళ్లి అడగొచ్చు. మహానగర కార్పొరేషన్‌లో ఒకటి రెండు డివిజన్లుగా కరిగిపోతే కంటోన్మెంటులోని తోకట్ట లాంటి చిన్న చోటి మాట ఎవరికి వినిపిస్తుంది? నా మటుకు నేను విలీనానికే ఓటేస్తాను, అయితే మూడు పనులు ముందు జరగాలి. బీ3 ఇళ్లకు ధర కట్టి సొంతం చేసుకునే వీలు కల్పించాలి. సర్వీసు చార్జీల బకాయిలు తేల్చాలి. విలీనం అయ్యేలోగా, అది ఎన్నాళ్లు పట్టినా, వార్డు ఎన్నికలు జరపాలి. మూడో దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక గెజిట్ చాలు.

కారిడార్ నమూనాలో పైనుంచి దిగే ర్యాంపు ఒకటి తిరుమలగిరి చౌరస్తా దగ్గరే పడుతుంది. ఆ ర్యాంపు కాళ్లు నాటే చోట కొంత సైన్యం నేల, కొంత దుకాణాల నేల. సైన్యానికి పోయిన నేలకు బదులుగా ఏమివ్వాలో రెండు ప్రభుత్వాలు కూర్చుని రాసుకున్నాయి. దుకాణాలవాళ్లతోనూ అలాగే కూర్చుని రాసుకోవాలి.